ఊపిరి గేటుకు వినిపించని వాళ్ళు

ఏడో గట్టు ఆసుపత్రి, పరికరాల గది డ్యూటీ బుక్. రాసేది నూకరత్నం.

జూన్ 3

ట్రేలు పదకొండు కడిగాను. ముక్కు స్కోపులు ఆరు. ఒకదాని లెన్స్ మీద గీత ఉంది, పక్కన పెట్టాను.

ఈ బుక్‌లో పని సంగతులే రాయాలని ఒక రూలు. రాసింది ఎవరూ కొట్టెయ్యకూడదని ఇంకో రూలు. మొదటిది ఇవాళ్టి నుంచి నేను పాటించను. రెండోది ఆసుపత్రి పాటించి తీరాలి.

మా బావ సన్నిబాబుకి ఆపరేషన్ చెయ్యొద్దని తూకం చెప్పింది. చెప్పడానికి అది మనిషేమీ కాదు. ఏ జబ్బుకి ఏ ఆపరేషన్ చేస్తే ఎంతమంది మిగిలారో చూసుకునే యంత్రం. రెండేళ్ళ తర్వాత సగంమందైనా బతికి ఉంటే సరే అంటుంది, లేకపోతే లేదు. దాని మాట దాటి కత్తి పట్టుకునే డాక్టరు ఈ గట్టు మీద లేడు.

బావ పలకల మిల్లులో రంపం మనిషి. మా గోడలూ కప్పులూ మంచాలూ పడవలూ అన్నీ ఆ మిల్లు పలకలే. పద్నాలుగేళ్ళు ఆ చెక్కపొడి పీల్చాడు. నాలుగు నెలలుగా ఎడమ ముక్కులోంచి రక్తం పడుతోంది, వాసన తెలియడం లేదు. కళ్ళ మధ్య ఉండే ఎముక గదుల్లో పుట్టిన కేన్సర్ అది. పైకి పాకి, మెదడు కింద ఉండే పలచటి ఎముకను తాకింది. డాక్టర్ ఇందుమౌళి గారు ముక్కులోంచే స్కోపు పెట్టి తీసేస్తానన్నారు, కానీ ఐదు వారాల లోపు. ఆ తర్వాత కంటిలోకీ మెదడులోకీ పోతుంది, ఇక తియ్యడం కుదరదు.

తూకం ఇచ్చిన కాగితం ఇదీ: ఇక్కడ ఈ ఆపరేషన్ అయి రెండేళ్ళు దాటినవాళ్ళు ముప్ఫై నాలుగు. అందులో బతికున్నవాళ్ళు తొమ్మిది. ‘సాంత్వన వైద్యం సూచించడమైనది.’

నొప్పి మందిచ్చి ఇంటికి పంపమని దానర్థం. ఆ సంగతి ఇంట్లో చెప్పే పని నాకు పడింది.

జూన్ 4

ట్రేలు తొమ్మిది.

నేను వెళ్ళేసరికి మా అప్ప, అంటే మా అక్క, ఎండు నెత్తళ్ళు వేపుతోంది. వీధి చివరికి కొడుతోంది వాసన. బావ పొయ్యి పక్కనే కూర్చుని, “ఏటి వండుతున్నావే?” అని అడిగాడు.

“నీ తలకాయ,” అంది అప్ప.

“అయితే కారం ఎక్కువెయ్యి. నా తలకాయ సప్పగుంటాది.”

కాగితం చదివి వినిపించాను. అప్ప గరిటె తిప్పుతూనే ఉంది. బావ అన్నాడు: “తొమ్మండుగురేనా? పదోవోడు మా బావే అని రాసీలేకపోనావా?”

“నేను రాస్తే వింటుందా అది?”

“ఇనదు. నువ్వు సెప్తే నానే ఇన్ను,” అన్నాడు. “ఒలే మరదలా, నాలుగు రోజుల్నుంచి నువ్వు ఇద్దరు కనబడతన్నావు. ఒక్కర్తితోనే ఏగలేకపోతంటే.”

అది హాస్యం కాదు. ఒకటి రెండుగా కనపడుతోందంటే అది కంటి గోడను నొక్కుతోందని అర్థం. నాకు తెలుసని బావకి తెలుసు. అందుకే నవ్వుతూ చెప్పాడు.

జూన్ 9

ట్రేలు పన్నెండు. స్కోపులు ఏడు.

నేను ఏడో తరగతి వరకే చదివాను. మిగతా చదువంతా ఈ గదిలోనే. స్కోపు కడిగాక లెన్స్ బాగుందో లేదో చూడటానికి, అది చివరగా తీసిన బొమ్మ తెర మీదకు వస్తుంది. మూడేళ్ళుగా రోజూ మనుషుల ముక్కుల లోపలి భాగం చూస్తున్నాను. ఏది మడత, ఏది గోడ, ఏది పుండు, ఏది పుండు తీసేసిన చోటు, ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

ఇవాళ పరీక్ష గది నుంచి వచ్చిన ఒక స్కోపుకి ఆడమనిషి పేరుతో చీటీ ఉంది. ముక్కు దిబ్బడ, ఇంతకుముందు ఆపరేషన్ ఏదీ లేదు. తెర మీద చూస్తే ఎడమవైపంతా గుహలా ఉంది. మడతల్లేవు, లోపలి గోడల్లేవు. పైకప్పుకి ముక్కు మధ్య గోడ నుంచి తిప్పి వేసిన పొర అతుక్కుని ఉంది, ఏళ్ళనాటి అతుకు. బొమ్మ అంచున నెరిసిన మీసం.

ఆ పేరు ఇక్కడ రాయను. కానీ ఆవిడ ఇంటి నంబరు పట్టుకుని ఆ ముప్ఫై నలుగురి జాబితా చూశాను. ఆవిడ మొగుడు అందులో ఉన్నాడు. పేరు ఎదురుగా ‘ముగిసింది’ అని ఉంది.

జూన్ 10

సెలవు పెట్టి ఆ ఇంటికి వెళ్ళాను. చచ్చిపోయిన ఆ మనిషి కాలువ గట్టున వంగి ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కుంటున్నాడు.

“మావా, నువ్వు పోయి నాలుగేళ్ళయింది,” అన్నాను.

“ఎవులు సెప్పారు?”

“తూకం.”

“మరే. అన్నం అడిగినప్పుడల్లా మా ఆడది కూడా అదే మాటంటాది.”

లోపల్నుంచి ఆవిడ బయటికొచ్చింది. నన్ను చూడగానే ముఖం పాలిపోయింది. ఆసుపత్రి చొక్కా వేసుకుని వెళ్ళడం నా తెలివితక్కువ.

కూర్చోబెట్టి అడిగితే మెల్లగా చెప్పారు. మిల్లులోకి పోవాలన్నా, బియ్యం తీసుకోవాలన్నా, డాక్టరుకి చూపించుకోవాలన్నా ఊపిరి గేటు దగ్గర ముక్కుతో ఊదాలి. ఊదిన తీరుని బట్టి మనిషెవరో గేటు పేరు పెట్టి చెబుతుంది. ఈయన ముక్కులో గోడలే లేవు. ఎంత ఊదినా గేటుకి అది మనిషి ఊపిరిలా వినిపించలేదు. కొత్తగా నమోదు చేసుకోమన్నారు. నమోదుకి వెళ్తే పాత ఊపిరి ఊది చూపించమన్నారు. అరవై రోజులు గేటుకి వినిపించకపోతే రిజిస్టర్లో ‘ముగిసింది’ అని పడుతుంది. తూకం ఆ రిజిస్టరునే చూస్తుంది.

అప్పట్నుంచి ఆవిడ రెండుసార్లు ఊదుతోంది. ఒకటి తనకి, ఒకటి మొగుడికి. గట్టు మీద దీన్ని అరువు ఊపిరి అంటారట. వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. దొరికితే ఇద్దరికీ ఆరు నెలలు మిల్లు గేటు మూసేస్తారు, కూలి ఉండదు.

“కాయితం మీద నాను రెండు షిఫ్టులు సేత్తన్నాను,” అంది ఆవిడ. “పోయినేడు మెచ్చుకుని సీర కూడా ఇచ్చినారు.”

లేచి వస్తుంటే ఆయన అడిగాడు: “నా ఇసయం రాస్తావా?”

“పేరు రాయను,” అన్నాను.

ఇంతకుముందు ఆపరేషన్ అయినవాళ్ళని దారంతా లెక్కబెట్టుకుంటూ వచ్చాను. ఆపరేషన్ బాగా అయినకొద్దీ ముక్కు లోపల గోడలు మిగలవు. గోడలు మిగలకపోతే గేటుకి వినిపించరు. వినిపించకపోతే ఆపరేషన్ పనికిరాదని తూకం రాసుకుంటుంది. దీన్ని కట్టినవాడికి ఒక్కసారైనా జలుబు చేసిందా?

జూన్ 16

ట్రేలు పది. ఒక కత్తెర బిగుసుకుపోయింది, నూనె వేశాను.

‘ముగిసింది’ అని రాసినవాళ్ళలో ఎనిమిది మందిని ఐదు రోజుల్లో బతికుండగా పట్టుకున్నాను. అందరూ అరువు ఊపిరి మీద బతుకుతున్నవాళ్ళే. వాళ్ళ పేర్లు రాసిన కాగితం తీసుకెళ్ళి ఇందుమౌళి గారి బల్ల మీద పెట్టాను. ఆయన ఈ గట్టుకి వచ్చి పదకొండు నెలలు. మెల్లగా మాట్లాడతారు, అది నాకు చిరాకు.

చదివి అడిగారు: “వీళ్ళెలా దొరికారమ్మా?”

“స్కోపు బొమ్మల్ని బట్టి, సార్. పరీక్షకి వచ్చినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళాను.”

“చనిపోయినవాళ్ళు పరీక్షకి రారు కదా.”

నాకు ఒళ్ళు మండింది. “అంటే వీళ్ళు లెక్కలోకి రారా?”

“వస్తారు. కానీ గేటుకి వినిపించనివాళ్ళందరినీ తూకం చంపేసింది. నీకు కనిపించనివాళ్ళందరినీ నువ్వు వదిలేశావు. రెండూ ఒకటే తప్పు. ముప్ఫై నాలుగు గడపలూ తొక్కి రా, ఆ తర్వాత తూకం ఆఫీసుకి నేను నీ వెంట వస్తాను.”

“మీరు ఒక్క గడపైనా తొక్కారా సార్?”

నోరు జారాను. ఆయనకి కోపం రాలేదు. అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“లేదు. రిజిస్టరు నమ్మాను. ఈ జబ్బుతో వచ్చిన ఐదుగురిని తూకం కాగితం ఇచ్చి ఇంటికి పంపాను.”

“వాళ్ళిప్పుడు?”

“ముగ్గురు పోయారు,” అన్నారు.

ఇంకేమైనా అందామని నిలబడ్డాను. గదికొచ్చి కడిగిన ట్రేలే మళ్ళీ కడిగాను.

జూన్ 20

అన్ని గడపలూ తొక్కాను. బతికున్నవాళ్ళ ఇళ్ళు సులువు, తిట్టో టీయో ఏదో ఒకటి ఇస్తారు. పోయినవాళ్ళ ఇళ్ళ దగ్గర ఏం అడగాలో తెలియలేదు. ఒకావిడ గుమ్మంలోనే నిలబడి చెప్పింది: “తొమ్మిదో రోజు ముక్కులోంచి నీల్లు కారినాయి. మెదడు నీల్లన్నారు. జొరం తగిలింది. పదమూడో రోజుకి పోనాడు. రాసుకో.” రాసుకున్నాను. ఇంకొకాయన ఏడాదిన్నర బాగుండి, మళ్ళీ అదే చోట పుట్టి పోయాడు. ఈ ఆపరేషన్ దేవుడి వరమని రాసి తూకం నెత్తిన కొడదామనుకున్నాను. వరం కాదు. అందుకు కూడా నాకు కోపంగానే ఉంది.

మొత్తం బతికున్నవాళ్ళు పంతొమ్మిది. పోయినవాళ్ళు పదమూడు. ఇద్దరి జాడ దొరకలేదు.

“దొరకని ఇద్దరినీ పోయినవాళ్ళలో వెయ్యి,” అన్నారు ఇందుమౌళి గారు.

“అది అన్యాయం సార్.”

“అన్యాయమే. అలా వేస్తేనే నీది అబద్ధమని ఎవరూ అనలేరు.”

తర్వాత పెన్ను తీసుకుని ఆ జాబితాని మూడుగా విడగొట్టారు. ముక్కులో పుట్టే కేన్సర్లన్నీ ఒకటి కాదట. అరుదుగా వస్తాయి కాబట్టి తూకం అన్నిటినీ ఒకే బుట్టలో వేసింది. నల్ల కణాల రకం తొమ్మిది మందికి వస్తే ఒక్కరే మిగిలారు, దానికి ఎవరు చేసినా అంతే. బావది చెక్కపొడి రకం. ఆ రకం పదమూడు మందిలో తొమ్మిది మంది ఉన్నారు. మిగతా రకాలు పన్నెండు మందిలో తొమ్మిది మంది.

పదమూడులో తొమ్మిది. నాలుగుసార్లు చూసుకున్నాను.

“ఇది మీ బావకి హామీ కాదు రత్నం,” అన్నారాయన. “ఐదేళ్ళకి, ఆరేళ్ళకి తిరిగి రావచ్చు.”

“ఐదేళ్ళుంటే మా అప్ప ఐదేళ్ళూ తిడుతుంది సార్. ఆయనకి అది చాలు.”

జూన్ 22

ట్రేలు నేను కడగలేదు. కడిగినవాళ్ళ సంతకం పైన ఉంది.

ఇందుమౌళి గారూ నేనూ తూకం ఆఫీసుకి వెళ్ళాం. పర్యవేక్షకుడు ఉమాకాంతం గారు. నిదానంగా చదివారు. రకాలు విడగొట్టడానికి రూలుందని ఒప్పుకున్నారు. సంతోషించేలోపే చెప్పారు: “పదమూడులో గేటు వింటున్నది ముగ్గురిని. సగం అంటే ఏడుగురు కావాలి. ఇంకో నలుగురిని నా ఎదుట నిలబెట్టండి, చేత్తో రాస్తాను.”

“నిలబెడతాం,” అన్నాను.

“ఇన్నాళ్ళూ ఎవరి ఊపిరితో తిరిగారో అది కూడా రాయాల్సి ఉంటుంది.”

“అది రాస్తే వాళ్ళకి గేటు మూసేస్తారు కదా సార్.”

“రాయకపోతే నా సంతకం చెల్లదు. చెల్లని సంతకంతో మీ బావగారికి లాభం లేదు.”

ఆయన మర్యాదగానే మాట్లాడారు. అరిచి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

జూన్ 27

చెక్కపొడి రకంలో గేటుకి వినిపించనివాళ్ళు ఆరుగురు. ఇద్దరు తలుపే తియ్యలేదు. ముగ్గురు వస్తామన్నారు. అందులో ఒకావిడ, “నా ముక్కు కోసినప్పుడు నాకు ముందు ఎవులో బతికి ఉండబట్టే కదా కోసినారు,” అంది. ఆ మాట పట్టుకుని, కాలువ గట్టున కలిసిన మీసాల మావ ఇంటికి పరిగెత్తాను.

ఆయన రానన్నాడు.

“ఆర్నెల్లు ఇద్దరికీ గేటు మూసేత్తే తినేదేటి? మీ బావ ముక్కు కోసం మా కడుపులు మాడ్సుకోమంటావా?”

“నువ్వు బతికున్నావని చెప్పమంటున్నాను. అంతే కదా మావా.”

“సెప్పకపోయినా బతికే ఉన్నాను.”

ఇంకా చాలా అన్నాను. పిరికివాడన్నాను, పెళ్ళాం ఊపిరి తింటున్నావన్నాను. ఆయన వింటూ కూర్చున్నాడు. ఆవిడ చేట పట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, తల ఎత్తలేదు.

ఇంటికొచ్చి బావతో చెప్పేశాను, ఆయన పేరు నాకు తెలుసు, ఉమాకాంతం గారికి ఇచ్చేస్తాను, వాళ్ళే వచ్చి చూసుకుంటారు అని.

బావ ఎడమ కన్ను ఇప్పుడు కొంచెం ముందుకు వచ్చింది. ఆ కన్ను చేత్తో మూసుకుని రెండో కంటితో నన్ను చూశాడు, నేను ఒక్కదాన్నే కనిపించడానికి.

“ఒద్దు.”

“నువ్వు చచ్చిపోతావు బావా.”

“పోతే పోతాను. అడగడం ఏరు, పట్టివ్వడం ఏరు. ఆ పని సేసీసి నువ్వొచ్చి నా పక్కన కూకుంటే నీ మొకం నాను సూడనేను.”

అప్ప నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది. అరుగు మీద కూర్చుని, “ఆడు సెప్పిందే నిజం,” అంది. తర్వాత, “ఆ పేరేటి?” అని అడిగింది. నేను చెప్పలేదు. ఆవిడ రెండోసారి అడగలేదు.

జూలై 1

తూకం ఆఫీసు, ఉదయం పది. లోపలికి వెళ్ళడానికి అక్కడా గేటే. ఒప్పుకున్న ముగ్గురినీ ఇందుమౌళి గారు తన పూచీ మీద పక్క తలుపులోంచి తీసుకొచ్చారు. ఒక్కొక్కరి ముక్కులో నేనే స్కోపు పెట్టి చూపించాను, ఆపరేషన్ నాటి బొమ్మలు పక్కన పెట్టాను. ఉమాకాంతం గారు రాసుకున్నారు. ఎవరి ఊపిరో కూడా రాసుకున్నారు. ఒకాయనకి ఊదేది కూతురు. ఆ పిల్ల నేల చూస్తూ పేరు చెప్పింది.

గేటు వింటున్న ముగ్గురితో కలిపి ఆరుగురయ్యారు. ఏడుగురు కావాలి.

ఆయన కాగితాలు సర్దుతున్నారు. గేటు దగ్గర అలికిడైంది. మీసాల మావ పెళ్ళాం. మిల్లువాళ్ళిచ్చిన చీర కట్టుకుని వచ్చింది. గేటు ముందు నిలబడి ఊదింది.

“పైలా సూరమ్మ,” అంది గేటు.

ఆవిడ లోపలికి రాలేదు. అక్కడే నిలబడి, ఉమాకాంతం గారి వైపు చూస్తూ, మళ్ళీ ఊదింది.

“పైలా సూరమ్మ,” అంది గేటు.

“ఆ రెండోది మా ఆయనది,” అంది సూరమ్మ. “నాలుగేళ్ళుగా ఊదతన్నాను. రాసుకోండి బాబూ.”

“ఆయన ఎక్కడున్నారు?”

“బయటున్నాడు. లోపలికి రావాలంటే నానే ఊదాల.”

ఇప్పుడు పేరు రాస్తున్నాను, ఆవిడే చెప్పింది కాబట్టి. మావ పేరు పైలా పోలినాయుడు. ఉమాకాంతం గారే లేచి బయటికి వెళ్ళి తీసుకొచ్చారు. స్కోపు పెడుతుంటే మావ నా మీద గొణిగాడు: “నాను రాలేదు. ఇది లాక్కొచ్చింది.”

ఏడు. తూకం ఒప్పుకుంది. కాగితం రావడానికి ఒక్క నిమిషం పట్టింది. అదే నిమిషంలో నాలుగు కుటుంబాలకు మిల్లు గేటు మూసేస్తూ ఇంకో కాగితం వచ్చింది. రెండింటి మీదా ఒకే ముద్ర.

జూలై 6

బావ ఆపరేషన్. ఎనిమిది గంటలు. ట్రేలన్నీ నేనే కడిగాను, వేరేవాళ్ళని ముట్టుకోనివ్వలేదు.

ముక్కులోంచే పుండు తీశారు. పైనున్న ఎముక తీశారు, మెదడు పొరలో ఒక ముక్క తీశారు. తొడలోంచి పొర పట్టీ తీసి అడుగున పరిచి, ముక్కు మధ్య గోడ మీది పొర తిప్పి దాని మీద కప్పారు. అంచుల నుంచి పదకొండు ముక్కలు పరీక్షకి వెళ్ళాయి. పది శుభ్రం. ఒకటి అనుమానం. ఇంకొంచెం తీసి మళ్ళీ పంపారు. శుభ్రం.

జూలై 15

నీళ్ళు కారలేదు. తొమ్మిదో రోజంతా మంచం పక్కనే కూర్చుని ముక్కు కిందే చూశాను. “ఏటే అలా సూత్తావు, మీసాలు మొలిసినాయా?” అన్నాడు.

వచ్చే నెల నుంచి కిరణాలు ఇస్తారు. కన్ను లోపలికి వెళ్ళింది. నేను ఒక్కదాన్నే కనిపిస్తున్నానట. బాధపడుతున్నాడు.

పోలినాయుడు మావ ఇంటికి బియ్యం తీసుకెళ్ళాను. వీధివాళ్ళు అప్పటికే గిన్నెలతో ఇచ్చారు. సూరమ్మ నా బియ్యం తీసుకుంది, కానీ కూర్చోమనలేదు. ఆవిడ తప్పు లేదు.

ఆగస్టు 11

ఊపిరి గేటు రూలు మార్చమని ఇందుమౌళి గారు పెట్టిన అర్జీ తిరిగొచ్చింది. ‘పరిశీలనలో ఉన్నది.’ రెండోసారి పెట్టారు. ఇంటికి పంపిన ఐదుగురిలో మిగిలిన ఇద్దరినీ పిలిపించారు. ఒకరికి వేళ మించిపోయింది. ఒకరికి వచ్చే వారం చేస్తారు.

సెప్టెంబర్ 5

ఇవాళ బియ్యం రోజు. నేనూ అప్పా బావా కలిసి వెళ్ళాం. వెనక యాభై మంది ఉంటారు. అప్ప ఊదింది, గేటు పేరు చెప్పింది. బావ ఊదాడు. గేటు ఏమీ అనలేదు. ఇంకోసారి ఊదాడు.

తెర మీద అప్ప పేరు కింద, ఇంటివాళ్ళ వరసలో పడింది: బెవర సన్నిబాబు, ముగిసింది.

ఆపరేషన్ అయి నిన్నటితో అరవై రోజులు. నేను రోజులు మర్చిపోయాను.

వెనక వరసలో అందరూ తలలు పక్కకి తిప్పుకున్నారు. గట్టు మీద మర్యాద అది, ఎవరైనా అరువు ఊపిరి ఊదుతుంటే చూడరు. అప్ప ముందుకు వంగింది. బావ ఆవిడ భుజం పట్టుకుని వెనక్కి లాగాడు.

“ఊదకు.”

“బియ్యమో?”

“ఊదకంటన్నాను.”

గేటు గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టాడు. “జరుగయ్యా, దారి ఒదులు.”

“ఎవుల్ని జరగమంటన్నావు?” అన్నాడు బావ.

“నిన్నే.”

“నాను ముగిసిపోనాను. ఇక్కడ ఎవులూ నేరు.”

వెనక ఎవరో నవ్వారు. గుమాస్తా బయటికొచ్చి, బావ ముక్కు చూశాడు, నన్ను చూశాడు. ఉమాకాంతం గారు వస్తేగాని రాయలేనన్నాడు. రమ్మనమన్నాం. గంట పడుతుందన్నాడు. బావ గేటు ముందు అలాగే నిలబడ్డాడు. ఆయన కదిలితే తప్ప వెనకవాళ్ళకి దారి లేదు. ఒకడు విసుక్కున్నాడు. ఒకావిడ వాణ్ణి ఊరుకోమంది. వరసలో సగం దూరం నుంచి పోలినాయుడు మావ వచ్చి బావ పక్కన నిలబడ్డాడు. ఇంకో నిమిషానికి నేనెప్పుడూ చూడని ఒకాయన వచ్చాడు, నా జాబితాలో లేనివాడు, ముక్కు ఒక పక్కకి కుంగి ఉంది.

రెండు గంటల తర్వాత ఉమాకాంతం గారు వచ్చారు. మూడు పేర్లూ చేత్తో రాశారు. బియ్యం ఇచ్చారు. వచ్చే నెల మళ్ళీ ఇలాగే రావాలన్నారు, రూలు ఇంకా మారలేదు కాబట్టి.

వస్తామన్నాడు బావ.

ట్రేలు నాలుగు, స్కోపులు రెండు. డ్యూటీకి రెండు గంటలు ఆలస్యం. కారణం పైన రాశాను.